బాధలు వినే వృత్తిలో బర్నౌట్ బారిన పడకుండా: ఓరుగల్లు వైపు కౌన్సెలర్లకు సమగ్ర మార్గదర్శి

"మావోనికి జర నాలుగు మంచి మాటలు చెప్పుండ్రి సార్." హనుమకొండలోనో, భూపాలపల్లిలోనో, జగిత్యాలలోనో కౌన్సెలింగ్ గదిలోకి అడుగుపెట్టిన కుటుంబం నోట తరచూ వచ్చే మొదటి మాట ఇదే. కౌన్సెలర్ అంటే చదువుకున్న పెద్దమనిషి, అటోళ్లకు ఓ మాట, ఇటోళ్లకు ఓ మాట చెప్పి పంచాయితీ తెంపే మనిషి అన్న నమ్మకం అందులో ఉంది. ఆ పెద్దరికాన్ని మారుమాట్లాడకుండా నెత్తికెత్తుకుంటే భర్త తాగుడు మాన్పించడం, అప్పు తీరే దారి చూపడం, బిడ్డను చదివించడం అన్నీ మన బాధ్యతలైపోతాయి. అవి జరగకపోతే ఓడిపోయింది మనమేననిపిస్తుంది.

కౌన్సెలర్లను ఏళ్ల తరబడి అరగదీసి బర్నౌట్‌కు, అంటే పనిలో శక్తంతా ఇంకిపోయే స్థితికి తెచ్చేది విన్న బాధకన్నా ఇలా తమది కాని పనిని మోయడమే. అందుకే క్లయింటుకు మేలు జరిగేలా పనిచేయడాన్నీ, మనం కుంగిపోకుండా ఉండడాన్నీ ఈ మార్గదర్శిలో విడదీయలేదు. సమయం, హద్దులు, నోట్సు, రెఫరల్ (తగిన వేరేచోటికి పంపడం), తోటి కౌన్సెలర్ల సాయం రెండింటికీ పనికొస్తాయి. వరసగా చూద్దాం.

1. ముందు డైరీ గీసుకోండి

వారానికి ఎందరిని చూడగలరో ఫోన్లు రాకముందే తేల్చుకోవాలి. పూర్తికాలం పనిచేసేవారికి రోజుకు 5 సెషన్లు, వారానికి 20 నుంచి 22 దాటకపోతే మంచిదని మా అభిప్రాయం. సెషన్ 50 నిమిషాలు, తర్వాత 15 నిమిషాల ఖాళీ. మిగిలిన గంటలు నోట్సుకు, రెఫరల్ ఫోన్లకు, చదువుకు పోతాయి. ఆ గంటలను లెక్కలో వేసుకోకపోతే అవి మీ నిద్రలోంచి పోతాయి.

లైంగిక హింస, ఆత్మహత్యాయత్నం, బిడ్డను పోగొట్టుకున్న దుఃఖం వంటి బరువైన కేసులు రోజుకు రెండే పెట్టుకోండి, అవీ పక్కపక్కన వద్దు. వీలైతే పొద్దున పెట్టండి. సాయంత్రం ఆరింటికి విన్నది మనతోనే ఇంటికొచ్చి అన్నం దగ్గర కూర్చుంటుంది.

ఈ ప్రాంతానికి తనదైన క్యాలెండరు ఉంది. ఇంటర్ ఫలితాలొచ్చే ఏప్రిల్ నుంచి సప్లిమెంటరీ పరీక్షలు ముగిసేదాకా పిల్లలు, తల్లిదండ్రులు ఎక్కువగా వస్తారు. పత్తి విత్తే జూన్‌లో పెట్టుబడికి అప్పు పుట్టని బాధ. పత్తి మార్కెట్‌కు వచ్చే రోజుల్లో ధర బాధ, తేమ బాధ. తేమ 12 శాతం దాటితే కేంద్ర ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐ కొనదు, అప్పుడు ప్రైవేటు వ్యాపారి చెప్పిందే రేటు. దసరాకు ఆడబిడ్డలు పుట్టింటికొచ్చినప్పుడు ఏడాదిగా దాచిన మాటలు బయటపడతాయి. ఏ నెల బరువుగా ఉంటుందో తెలిసినప్పుడు మీ సెలవును దాని తర్వాతి వారంలో ముందే రాసిపెట్టుకోండి. అలసిపోయాక సెలవు వెతికితే దొరకదు.

ఇంకో చిన్న సంగతి. అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే "మీ ఊరికి చివరి బస్సు ఎన్నింటికి?" అని అడగండి. ఏటూరునాగారం వైపు పోవాల్సిన మనిషి సెషన్ సగం నుంచే గడియారం చూస్తాడు, లేదా లేచే ముందు అసలు విషయం చెప్పి, మీ చేతిలో పెట్టి వెళ్లిపోతాడు. దూరం నుంచి వచ్చేవారికి వారం వారం రమ్మనడం జరిగే పని కాదు. 15 రోజులకోసారి సెషన్, మధ్యలో ముందే చెప్పిన టైముకు 15 నిమిషాల ఫోను అని పెట్టుకుంటే నిలబడుతుంది.

2. మొదటి సెషన్: పంచాయితీ కాదని చెప్పడం

కుటుంబమంతా ఒకేసారి గదిలోకి వస్తుంది. అందరినీ 5 నిమిషాలు కూర్చోబెట్టి, ఎవరికి ఏం కావాలో ఒక్కో వాక్యంలో చెప్పమనండి. తర్వాత ఎవరి కోసం వచ్చారో ఆ మనిషితో ఒంటరిగా కనీసం 25 నిమిషాలు మాట్లాడాలి. చివరి 10 నిమిషాలు మళ్లీ అందరితో. మొదటే అత్త ముందో, తండ్రి ముందో మాట్లాడించారంటే ఆ మనిషి నోరు ఇక విప్పకపోవచ్చు.

ఒంటరిగా కూర్చోగానే ఈ మాటలు మీ భాషలో చెప్పండి: "అక్కా, ఇక్కడ ఎవరిది తప్పు, ఎవరిది ఒప్పు అని నేను తీర్పు చెప్పను. మీరేం చేయాలో కూడా నేను తేల్చను. మీ మనసుల ఉన్నది మీకే సాఫ్‌గ కనపడేటట్టు, మీ చేతిలో ఏముందో చూసేటట్టు ఇద్దరం కలిసి కూసుంటం. మీరు చెప్పింది బయటికి పోదు. మూడు సంగతులు మాత్రం నేను దాచలేను." తర్వాత ఆ మూడూ చెప్పండి: ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు, 18 ఏళ్లలోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగినట్టు తెలిసినప్పుడు, కోర్టు ఆదేశించినప్పుడు.

రెండోది చాలామంది తేలిగ్గా దాటేస్తారు, తర్వాత నలిగిపోతారు. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం విషయం తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద 6 నెలల దాకా జైలో, జరిమానానో, రెండూనో. ఈ చట్టం ముందు పదిహేడేళ్ల అమ్మాయి "నా ఇష్టంతోనే" అన్నా చెల్లదు. కాలేజీ పిల్ల మనసు విప్పాక "ఇప్పుడు నేను ఫోన్ చేయాలి" అంటే అది నమ్మకద్రోహంలా తగులుతుంది. విప్పకముందే చెబితే ఎంత చెప్పాలో ఆమె ఎంచుకోగలుగుతుంది.

బయటికొచ్చాక తండ్రి పక్కకు పిలిచి "ఏం చెప్పిండు సార్?" అంటాడు. ప్రతిసారీ ఒకే జవాబు ఇవ్వండి: "వాడు చెప్పాలనుకున్నది వాడే చెప్తడు. మీ మీద ప్రేమ లేక గాదు, నేను చెప్తే వాడు రేపు రాడు. మీరు ఇంట్ల ఏం చేయొచ్చో మాత్రం ఇప్పుడు మాట్లాడుకుందం." గోప్యత క్లయింటు హక్కని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ చెబుతుంది. తండ్రికి మాత్రం చట్టం కన్నా, తను చేయగలిగిన పని ఒకటి చేతికివ్వడమే ఊరట.

ఊరు చిన్నది. భద్రకాళి గుళ్లోనో, కూరగాయల మార్కెట్లోనో క్లయింటు ఎదురుపడతారు. "బయట కనపడితే నేను ముందు పలకరించను. మీరు పలకరిస్తే నమస్తే అంటా, ముచ్చట పెట్టను" అని మొదటిరోజే ఒప్పందం చేసుకోండి. చుట్టాలను, అదే కాలనీవాళ్లను, మీ పిల్లల టీచర్లను క్లయింట్లుగా తీసుకోవద్దు. మొహమాటానికి తీసుకున్న ఒక్క కేసు పది కేసుల బరువు పెడుతుంది. "మీకు నాకన్నా మంచి సాయం దొరకాలంటే నేను కాకుండా ఉండాలి" అని ఇంకొకరి నంబరు ఇవ్వండి.

3. వాళ్ల మాటల్లోనే వినడం

"నాకు డిప్రెషన్" అంటూ వచ్చేవారు తక్కువ. వచ్చేవి వేరే మాటలు: రంది (బెంగ) పట్టుకున్నది, మనాదితో సగమయింది, గుండెల గాబరగాబర, నెత్తి బరువు, ఒళ్లంతా మంటలు, తిన్నది ఒంటికి పడ్తలేదు, పాణం మంచిగ లేదు. ఇవి ఉత్త మాటలు కావు, కొలవగలిగిన సంగతులు. రంది ఎప్పటినుంచి? పొద్దున ఎక్కువా, రాత్రా? ఏం పని ఆగిపోయింది? బతుకమ్మ పేర్చిందా ఈసారి? ఆమె ఏడాది ఏడాది పేర్చేది, ఈసారి పేర్చలేదంటే అది ఏ ప్రశ్నాపత్రం కన్నా ముందే చెప్పింది.

"రంది" అనగానే మనసులో డిప్రెషన్ అని రాసుకోవద్దు. మనాది తరచూ ఒక మనిషి గురించో, ఒక నష్టం గురించో ఉంటుంది. దుబాయి పోయి మూడేళ్లుగా రాని భర్త కావచ్చు, అమ్ముకున్న పొలం కావచ్చు. ఆ పేరు తెలుసుకున్నాకే పీహెచ్‌క్యూ-9 వంటి డిప్రెషన్ కొలత తీయండి. గడిచిన రెండు వారాల గురించి 9 ప్రశ్నలు, మొత్తం 27 మార్కులు. 5 నుంచి తేలిక, 10 నుంచి మధ్యస్థం, 15 నుంచి తీవ్రత వైపు, 20 నుంచి తీవ్రం. 10 పైన ఉంటే డాక్టరు మాట కూడా అవసరమా అని ఆలోచించాలి. 15 పైన సైకియాట్రిస్టు దగ్గరికి పంపడం ఆలస్యం చేయొద్దు. చదువురానివారికి ప్రశ్నలు మీరే చదవండి, "ఎన్ని రోజులు?" అన్నదానికి వేళ్లమీద లెక్కపెట్టించండి. చివరిదైన 9వ ప్రశ్న చావు ఆలోచనల గురించి. మొత్తం మార్కులు తక్కువున్నా, ఆ ఒక్కదానికి సున్నా కాక ఏదొచ్చినా ఆగి, 5వ భాగంలో చెప్పినట్టు నేరుగా అడగాలి. నీరసం, దడ, నిద్రలేమి ఎక్కువుంటే రక్తం, థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించమని డాక్టరుకు రాయండి. రక్తహీనతకు ఆరు నెలలు కౌన్సెలింగ్ చేసిన కౌన్సెలర్‌కు తన పనిమీదే నమ్మకం పోతుంది.

బాణామతి, చేతబడి, గాలి సోకడం అన్న మాటలొస్తే వాదనకు దిగకండి. "మీకు అట్ల ఎందుకనిపిస్తుంది?" అని అడిగితే ఎవరితో గొడవ, ఏ భయం అన్నది బయటపడుతుంది. సమ్మక్క జాతరలో, బోనాల్లో పూనకం రావడం ఆ సముదాయానికి మామూలు విషయం, దాన్ని రోగంగా రాయకూడదు. సందర్భం లేకుండా, ఇంట్లో ఒంటరిగా, రోజులతరబడి జరుగుతూ మనిషి నలిగిపోతుంటేనే వైద్యం వైపు చూడాలి.

ఈ ప్రాంతంలో మరీ జాగ్రత్త పడాల్సింది కల్తీ కల్లు. అందులో అల్ప్రాజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేట్ వంటివి కలుస్తాయి. ఏళ్లుగా తాగిన మనిషి ఒక్కసారిగా ఆపితే వణుకు, ఫిట్స్, పిచ్చిపిచ్చిగా మాట్లాడడం రావచ్చు, ప్రాణం కూడా పోవచ్చు. సారా, బ్రాందీ విషయంలోనూ అంతే. చివరి గ్లాసు తర్వాత తొలి రోజులోనే వణుకు మొదలై, 48 గంటల్లోపు ఫిట్స్, రెండు మూడు రోజులకు మతిభ్రమ రావచ్చు. కాబట్టి "ఇయ్యాల్టి నుంచే బంద్ చెయ్యి" అన్న సలహా కౌన్సెలర్ నోట రాకూడదు. మానడానికి ఒప్పుకున్న రోజే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికో, జిల్లా ఆసుపత్రి మానసిక విభాగానికో చీటీ రాసి పంపండి. మన పని ఆ తర్వాత మొదలవుతుంది.

4. లక్ష్యం చిన్నగా, క్లయింటు చేతిలో ఉండేలా

"మావోడు మారాలి" అన్నది లక్ష్యం కాదు, మారాల్సినవాడు గదిలోనే లేడు. "ఆయన తాగొచ్చిన రాత్రి నేను, పిల్లలు ఎక్కడుంటం?" అన్నది లక్ష్యం. ఇద్దరూ ఒప్పుకున్న లక్ష్యాన్ని క్లయింటు మాటల్లోనే కాగితం మీద ఒక వాక్యంగా రాయండి. దాన్ని వారంలో చేయగలిగిన ఒక్క పనిగా విడగొట్టండి. రెండు పనులు ఇస్తే రెండూ జరగవు.

అప్పుల రైతు విషయంలో ఇది ఎలా ఉంటుందో చూద్దాం. ఆయన నోట "అప్పు మస్తయింది, లెక్కలేదు" అని వస్తుంది. లెక్కలేదన్న మాటే ఉరితాడులా బిగుసుకునేది. ఒక తెల్లకాగితం తీసుకుని నాలుగు గీతలు గీయండి: ఎవరికి, ఎంత, ఎంత మిత్తి, ఎప్పుడు అడుగుతరు. బ్యాంకు, మహిళా సంఘం, ఎరువుల దుకాణం, బంగారం కుదువ, ఊరి మిత్తి వ్యాపారి. మూడు రూపాయల మిత్తి అంటే నూటికి నెలకు 3, ఏడాదికి 36. రెండు లక్షల మీద నెలకు 6,000, ఏడాదికి 72,000. ఈ అంకె ఆయన చేతే రాయించండి. చాలామందికి అన్నిటినీ ఒకే కాగితం మీద చూడడం అదే మొదటిసారి. ముందు కొంచెం గాబరా పడతారు, తర్వాత మాట నెమ్మదిస్తుంది. ఏది ముందు తీరాలి, ఎవరితో గడువు మాట్లాడొచ్చు అని ఆయనే వేలుపెట్టి చూపుతారు. "ఈ వారం దుకాణదారుతో గడువు మాట్లాడాలె" అన్నది ఆ వారం పని. మిత్తి వ్యాపారి బెదిరిస్తుంటే ఉచిత న్యాయసహాయం నంబరు 15100 రాసివ్వండి. అంతే. వ్యాపారికి మీరు ఫోను చేయొద్దు, బ్యాంకు మేనేజరుకు సిఫారసు చేయొద్దు, జేబులోంచి వెయ్యి తీయొద్దు. జాలితో చేసిన ఆ పని వల్ల మరుసటి వారం ఆయన క్లయింటుగా రాడు, బాకీదారుగా వస్తాడు, లేదా సిగ్గుపడి రాడు.

రంది పట్టి మంచం దిగనివారికి ఆలోచనలు మార్చే పని కన్నా ముందు కాళ్లు కదిపే పని ఇవ్వాలి. పొద్దున ఏడింటికి వాకిలి ఊడ్వడం, పక్కింటి అక్కతో బీడీ ఆకు కత్తిరించడానికి కూర్చోవడం వంటివి. ముందు ఎంత రంది, తర్వాత ఎంత రంది అని పదికి మార్కులు వేయించండి. మనసు బాగయ్యాక పని చేద్దామని ఎదురుచూస్తే బాగుపడడమే వెనక్కి పోతుంది.

5. చావు మాట వచ్చినప్పుడు

నేరుగా అడగండి. "సచ్చిపోవాలనిపిస్తుందా? ఎట్ల అనుకుంటున్నరు? ఇంతకుముందు ఎప్పుడన్నా చేసుకున్నరా?" అడిగితే లేని ఆలోచన పుట్టదు. అడగకపోతే ఒంటరితనం పెరుగుతుంది. మన భాషలో ఒక చిక్కుంది: "మందు" అంటే గోలీ, సారా, పురుగుల మందు, మూడూ. "మందు తాగిండు" అని విన్నప్పుడు ఏ మందని వెంటనే అడగాలి. గడ్డిమందుల్లో పారాక్వాట్‌కు విరుగుడు లేదు. ఒక్క గుక్క తాగినా, ఆ రోజు మనిషి బాగానే కనిపించినా, రోజులు గడిచేకొద్దీ కిడ్నీలు, ఊపిరితిత్తులు పాడవుతాయి. వాంతి చేయించే ప్రయత్నాలు మాని, డబ్బా వెంట పట్టుకుని 108లో ఆసుపత్రికి పోవాలి. కేసు అవుతుందని దాచేవాళ్లకు, 2017 చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యాయత్నం చేసిన మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలని, శిక్షించకూడదని చెప్పండి.

ఆలోచన ఉంది, తొందరపాటు కనిపించడంలేదు అంటే అదే సెషన్‌లో భద్రతా ప్రణాళిక రాయాలి. ఆరు వరసలు: ఏ గుర్తుతో ఆలోచన మొదలవుతుంది, ఒంటరిగా ఏం చేస్తే కాసేపు తగ్గుతుంది, ఎవరి దగ్గర, ఎక్కడ కూర్చుంటే మనసు మళ్లుతుంది, ఎవరికి విషయం చెప్పి సాయమడగొచ్చు, ఏ డాక్టరు, ఏ నంబరు, ఇంట్లో ప్రమాదకరమైనవి ఎక్కడికి చేర్చాలి. ఆఖరుది మాటల్లో వదలొద్దు, అక్కడికక్కడే జరగాలి. సంభాషణ ఇలా ఉంటుంది:

"గడ్డిమందు ఇంట్ల ఉందా అన్నా?"

"ఉంది మేడం. దొడ్డి గోడ మీద."

"ఎంతుంటది?"

"అరలీటరు దాక."

"ఇయ్యాల అది ఎవరింటికి పోవాలె?"

"మా చిన్నాయన ఇంట్ల పెడ్త."

"ఇప్పుడే ఫోన్ జేద్దమా? మీరే మాట్లాడుండ్రి, నేను పక్కనే ఉంట."

చిన్నాయన గొంతు వినిపించాకే ఆ వరస పక్కన టిక్కు పెట్టండి. వెంట వచ్చిన మనిషికి కూడా ఒక కాపీ ఇవ్వండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 రాయండి, తెలుగులోనే మాట్లాడతారు, 24 గంటలూ ఉంటుంది. ఎలా చేసుకోవాలో ఆలోచించుకుని, రోజు కూడా అనుకున్నవాళ్లను ఒంటరిగా ఇంటికి పంపకూడదు. కుటుంబంతో కలిసి అదే రోజు ఆసుపత్రిలో అప్పగించాలి. ఈ విషయంలో గోప్యత అడ్డురాదు, ఆ మాట మొదటి సెషన్‌లోనే చెప్పి ఉన్నారు.

అలాంటి సెషన్ అయ్యాక ఇంటికి వెళ్లేలోపు తోటి కౌన్సెలర్‌కో, మీ కేసులు విని దారి చూపే సూపర్‌వైజర్‌కో ఫోను చేసి ఏం చేశారో చెప్పండి. "ఇంకేమైనా చేయాలా?" అన్న ప్రశ్నకు ఇంకో మనిషి జవాబు దొరికితే రాత్రి నిద్ర పడుతుంది. దొరకకపోతే ఆ ప్రశ్న తెల్లవారేదాకా నడుస్తుంది.

6. మధ్యలోని 15 నిమిషాలు

ఇందులో మొదటి ఐదు నోట్సుకు. నాలుగు వరసలు చాలు: వాళ్లు ఏం చెప్పారు, మీకేం కనిపించింది, ఏం ఒప్పుకున్నారు, మళ్లీ ఎప్పుడు. అయిదో వరస మీ కోసం, ఫైల్లో కాకుండా వేరే పుస్తకంలో, పేరు లేకుండా: "నాలో ఏం కదిలింది". కోపం, తొందర, ఈమెను ఇంటికి తీసుకుపోవాలనిపించడం, నిద్రొచ్చినట్టుండడం. రాసేసిన విషయం తలలో తిరగడం తగ్గుతుంది. సాయంత్రానికి అయిదుగురి నోట్సూ కలిపి రాద్దామనుకుంటే ఒకరి కథ ఇంకొకరిలో కలుస్తుంది, అదే రాత్రి మోసేది.

తర్వాత లేవండి. ముఖం కడుక్కోండి, కిటికీ తీయండి, మంచినీళ్లు తాగండి, మెడ, భుజాలు తిప్పండి. ఫోను తీయొద్దు. వాట్సాప్‌లో మరో బాధ వింటే అది విరామం అవదు. తర్వాతి క్లయింటు పేరు, పోయినసారి రాసిన ఆఖరి వరస చదివి తలుపు తీయండి.

7. ఫోను, ఫీజు, మక్కకంకులు

రాత్రి ఫోన్లే ఈ వృత్తిలో ఎక్కువమందిని అలసిపోయేలా చేస్తాయి. పనికి వేరే సిమ్ పెట్టుకుని, రాత్రి 7కు ఆపండి. "ఏడు తర్వాత ఈ ఫోను ఉండదు. రాత్రి ప్రాణం మీదికొస్తే 14416, లేదా 112. మహిళలకు 181, పిల్లలకు 1098" అన్న చీటీ మొదటిరోజే చేతికివ్వండి. ఒక్కసారి రాత్రి పదకొండింటికి ఎత్తి గంట మాట్లాడితే, ఆ మనిషికి నేర్పింది ఏమిటంటే మీరు ఎప్పుడూ ఉంటారని. ఏదో ఒక రాత్రి మీరు లేకపోయినప్పుడు ఆ దెబ్బ గట్టిగా తగులుతుంది.

ఫీజు ముందే చెప్పండి, గోడ మీద రాయండి. తగ్గించాల్సినవారికి ఎంత తగ్గిస్తారో, నెలలో ఎన్ని ఉచిత సెషన్లు ఇవ్వగలరో అంకె వేసుకోండి. అది నిండితే ప్రభుత్వాసుపత్రికి పంపండి. సొంత అద్దె కట్టలేని కౌన్సెలర్ ప్రతి క్లయింటు ముఖంలో డబ్బు వెతుక్కోవాల్సి వస్తుంది, అది ఇద్దరికీ మంచిది కాదు. చేలో పండిన మక్కకంకులు, ఓ సంచి కూరగాయలు తెస్తే తీసుకోవచ్చు, కాదంటే అవమానంగా తీసుకుంటారు. బంగారం, చీర, డబ్బు వద్దు. పెండ్లి పత్రిక తెస్తే దీవించి, "అక్కడ నన్ను ఎవరని చెప్తరు?" అని అడగండి. ఆ ప్రశ్నతోనే వాళ్లకూ విషయం అర్థమవుతుంది.

8. మీ మాట వినేవాళ్లు

ముగ్గురు నుంచి అయిదుగురు కౌన్సెలర్లు కలిసి, 15 రోజులకోసారి గంటన్నర కూర్చోండి. పేర్లు, ఊర్లు చెప్పకూడదు. ఒక్కరే ఒక కేసు తెస్తారు: 10 నిమిషాలు చెప్పడం, 10 నిమిషాలు ప్రశ్నలు, తర్వాత మిగతావాళ్లు తమకు ఏం కదిలిందో చెప్పడం. సలహాలు ఆఖరున, అడిగితేనే. ఆసిఫాబాద్‌లోనో, మహదేవపూర్‌లోనో ఒక్కరే పనిచేసేవాళ్లు వీడియో కాల్‌లో కూర్చోవచ్చు. దీనితోపాటు అనుభవం ఉన్న సూపర్‌వైజర్‌తో నెలకు ఒక గంటైనా ఉండాలి, దానికి డబ్బు కట్టినా సరే. మేము ఇక్కడ పట్టుబడతాం: పుస్తకాలు, వర్క్‌షాపుల మీద పెట్టే ఖర్చు కన్నా ఇది ముందు.

హాస్టళ్లలో, కాలేజీల్లో, హింసకు గురైన మహిళలకు సాయపడే సఖి కేంద్రాల్లో పనిచేసేవారికి కేసుల సంఖ్య తమ చేతిలో ఉండదు. అక్కడ నోటితో మొరపెట్టుకుంటే నిలవదు. ఈ నెల ఎన్ని సెషన్లు, ఎన్ని సంక్షోభ కేసులు, నోట్సుకు ఎన్ని గంటలు దొరికాయో ఒక పేజీలో రాసి పై అధికారికి ప్రతి నెలా ఇవ్వండి. తలుపు మూసుకునే గది, వారానికి ఒక పూట ఖాళీ, ఈ రెండింటినే అడగండి.

9. బర్నౌట్‌ను ముందే పట్టుకోవడం

ప్రపంచ ఆరోగ్య సంస్థ తన రోగాల వర్గీకరణ ఐసీడీ-11లో బర్నౌట్‌ను రోగంగా చూపలేదు, అదుపులోకి రాని పని ఒత్తిడి ఫలితంగా వివరించింది. మూడు లక్షణాలు: శక్తి పూర్తిగా ఇంకిపోవడం, పని మీద దూరమూ విసుగూ పెరగడం, పనిలో సామర్థ్యం తగ్గడం. గదిలో ఇవి ఇలా కనిపిస్తాయి: క్లయింటు రాలేదంటే లోపల హాయిగా అనిపించడం; "ఇంకో తాగుబోతు కేసు" అన్న మాట నోట రావడం; వాళ్లు వాక్యం ముగించకముందే సలహా చెప్పేయడం; నోట్సు వారాల తరబడి మిగిలిపోవడం. దీనికి తోడు విన్న హింస కళ్లముందు కదలడం, మీ సొంత బిడ్డను గడప దాటనివ్వని భయం మొదలైతే అది వేరే సంగతి, పరాయి గాయం మనకు అంటుకోవడం. విశ్రాంతితో ఒక్కటే పోదు, సూపర్‌విజన్, అవసరమైతే మీకూ థెరపీ కావాలి. రెండు వారాలు దాటి ఇంట్లోనూ, సెలవులోనూ మనసు అదే తీరున దిగులుగా ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

నెలాఖరున 10 నిమిషాలు పై గుర్తులను డైరీలో చూసుకోండి. రెండు కనిపిస్తే కొత్త కేసులు మూడు వారాలు ఆపండి, ఉన్న సెషన్లలో మూడో వంతు తగ్గించండి, బరువైనవాటిని తోటివారికి పంచండి. వారం రోజులు వేములవాడో, లక్నవరమో పోయివచ్చి మళ్లీ అదే 30 సెషన్ల డైరీలో దిగితే పదిహేను రోజులకే మొదటికొస్తారు.

క్లయింటు ప్రాణం తీసుకుంటే ఏం చేయాలో ముందే తెలిసి ఉండాలి. మొదటి రోజే సూపర్‌వైజర్‌కు చెప్పండి. ఫైల్లో ఒక్క అక్షరం దిద్దకుండా, విషయం ఎప్పుడు తెలిసిందో తేదీతో చేర్చండి. కుటుంబాన్ని పరామర్శించాలంటే వాళ్లు ఒప్పుకుంటేనే, వెంట ఒకరిని తీసుకుని. చనిపోయాక కూడా ఆ మనిషి చెప్పిన మాటలు మీ దగ్గరే ఉండాలి. ఆ వారం బరువైన సెషన్లు రద్దు చేయండి. ఏం కనిపించింది, ఏం కనిపించలేదు అన్న విచారణ మూడు నాలుగు వారాల తర్వాత, ఒంటరిగా కాకుండా, సూపర్‌వైజర్‌తో కూర్చుని చేయాలి. మొదటి రాత్రి మనసు వేసే లెక్క ఎప్పుడూ మన మీదికే వస్తుంది, దాన్ని నమ్మొద్దు.

10. ముగించడం

చివరి సెషన్ ఎప్పుడో రెండు సెషన్ల ముందే చెప్పండి. ఆ రోజు మొదటి కాగితం తీసి, అప్పట్లో రాసిన వాక్యం చదివించి, పీహెచ్‌క్యూ-9 మళ్లీ తీయండి. రంది మళ్లీ వస్తే మొదట కనిపించే గుర్తు ఏది, అప్పుడు ఎవరికి చెప్పాలి అని వాళ్ల చేతే రాయించండి. చెప్పకుండా రావడం ఆపేసినవారికి ఒక ఫోను, వారం తర్వాత ఒక సందేశం, అంతటితో ఫైలు మూసేయండి. ప్రాణభయం ఉన్నవారైతే కుటుంబాన్ని అడిగి తెలుసుకున్నాకే మూయాలి. తేదీ వేసి సంతకం పెట్టాక, ఖాళీ అయిన ఆ గంటను వెంటనే కొత్త పేరుతో నింపకండి. ఒక వారం ఆ గడిని డైరీలో తెల్లగా వదిలేయండి.